బేరమాడని బోణీ

ఆ ఏడు మాఘమాసం పెళ్ళిళ్ళ ముందు నాగభూషణం దగ్గర ఉన్నది ఇంత: గురజాల బజారులో తాతనాటి స్టీలు సామాన్ల కొట్టు, సారె సామాన్లు తేవడానికి బ్యాంకులో విడిగా ఉంచిన రెండు లక్షలు, ఎవరి మాటా ఊరికే నమ్మడన్న పేరు, రోడ్డుకవతల ఫరీద్ కొట్టు. నాలుగోదాన్ని ఆస్తి కింద రాయాలో అప్పు కింద రాయాలో ఆయనకే తెలియదు. కాని రోజులో ఎక్కువ సేపు చూసుకునేది దాన్నే.

పదేళ్ళ కిందట ఫరీద్ నాగభూషణం కొట్టు అరుగు మీద కూర్చుని మిక్సీలు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. నెలనెలా అరుగు అద్దె ఇచ్చేవాడు. పొద్దున్నే కొట్టు ముందు ఊడ్చి నీళ్ళు చల్లేవాడు. నోరారా "బాబాయ్" అనేవాడు. ఇప్పుడు ఎదురుగా వాడిదే సొంత కొట్టు. గాజు తలుపు, ఏసీ, తెల్లటి టైల్సు, వాయిదాల మీద ఫ్రిజ్జులు, వాషింగ్ మెషీన్లు. ఆ టైల్సు చూసి మిరప డబ్బు చేతికొచ్చిన రైతులు చెప్పులు బయటే విడిచి లోపలికి పోతారు. విడవమని ఫరీద్ ఏనాడూ చెప్పలేదు. గుడికి పోయినట్టు వాళ్ళే విడుస్తారు. నాగభూషణాన్ని నిలువునా కాల్చేది అదే. ఆయన కొట్టులోకి జనం బురదకాళ్ళతో నేరుగా వచ్చి, గరిటె తిప్పి చూసి, "ఏంది శెట్టిగారూ, రేకు ఇంత పల్చగా ఉంది?" అని అడిగి పోతారు.

గల్లాపెట్టె ముందు కూర్చుని ఆయన ఎదురుగా ఉన్న చెప్పుల జతలు లెక్కపెట్టేవాడు.

"ఎన్నయినై?" అంది ధనమ్మ ఒకనాడు, వెనక గదిలోంచి కాఫీ గ్లాసు తెచ్చి పెడుతూ.

"ఏందే?"

"చెప్పులు. పెదాలు కదుల్తున్నై."

"నేను వడ్డీ లెక్క చూసుకుంటన్నా."

"చూసుకో. అసలు ఆ కొట్టులో ఉంది, వడ్డీ నీ కడుపులో పెరుగుతంది" అని ఆమె లోపలికి పోయింది.

ఫరీద్ గాజు తలుపు పెట్టిన రోజు నుంచి ఆ ఇద్దరికీ మాటల్లేవు. మూడేళ్ళయింది.

అలాంటి రోజుల్లో ప్రవీణ్ కుమార్ బోణీకి వచ్చాడు.

బోణీ సంగతి బజారులో అందరికీ తెలిసిందే. పొద్దున షట్టరెత్తి, అగరొత్తులు వెలిగించాక మొదటి గిరాకీని వట్టి చేతులతో పంపరు. దేవుడి ముందు పెట్టే డబ్బు కాబట్టి అరువివ్వరు. ఆ మొదటి చేతిని బట్టే రోజు నడుస్తుందని నమ్మకం. నాగభూషణం ఆ నమ్మకంలో బజారు మొత్తానికి రెండాకులు ఎక్కువే చదివాడు. చెయ్యి మంచిది కాదనుకున్న మనిషి వస్తుంటే షట్టరు సగం దించి కూర్చునేవాడు.

తెల్లచొక్కా, చంకలో తోలు బ్యాగు. ప్రవీణ్ కుమార్ ఆరు గ్లాసులు అడిగాడు. నాగభూషణం అలవాటు కొద్దీ రేటు పెంచి చెప్పాడు, తగ్గించడానికి వీలుంటుందని. ఆ మనిషి ఒక్క మాట మాట్లాడకుండా నోట్లు తీసి కళ్ళకద్దుకుని గల్లా మీద పెట్టాడు. ప్లాస్టిక్ మగ్గుకు కూడా పావుగంట గొడవపడే ఊళ్ళో బేరమాడకుండా డబ్బిచ్చినవాణ్ణి నాగభూషణం ఆ నెలలో చూడడం అదే మొదలు. ఆ మధ్యాహ్నమే కారంపూడి నుంచి ఒక పెళ్ళివాళ్ళు ఆటో వేసుకుని వచ్చి సారె సామాను మొత్తం కట్టించుకుపోయారు.

వారం తిరక్కుండా ప్రవీణ్ కుమార్ మళ్ళీ బోణీకి వచ్చాడు. ఆ రోజూ బేరం బాగుంది. మూడోసారి వచ్చినప్పుడు నాగభూషణం తానే స్టూలు తుడిచి వేశాడు.

"మీ చెయ్యి మంచిదండీ" అన్నాడు.

"చెయ్యిదేముందండి, చోటు మంచిది" అని ఆ మనిషి మెడలో కార్డు బయటికి తీశాడు. టీవీలో రోజూ కనిపించే పెద్ద కుక్కర్ల కంపెనీకి జిల్లా మేనేజరునన్నాడు. "గ్లాసుల కోసం రాలేదండి నేను. వ్యాపారం ఎవరికి తెలుసో చూద్దామని వచ్చాను. మా కంపెనీ ఊరికి ఒక్క డీలర్నే పెడుతోంది. ఇక గురజాలలో మా కుక్కరు ఎవరమ్మినా మీ దగ్గర కొని అమ్మాల్సిందే."

నాగభూషణం కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. వంద నోటును కూడా వెలుతురుకు పెట్టి చూసే మనిషి. కార్డును కూడా వెలుతురుకు పెట్టబోతున్నాడు.

"ఎదురుగా గాజు తలుపు ఆయన నిన్ననే అడిగారు" అన్నాడు ప్రవీణ్ కుమార్, బ్యాగు జిప్పు వేసుకుంటూ. "మొత్తం ఒకేసారి కడతానంటున్నారు."

కార్డు నాగభూషణం చేతిలోనే ఆగిపోయింది.

"ఎంత కట్టాలి?"

"బుకింగుకు యాభై వేలు. లోడు బయల్దేరే రోజు లక్షన్నర. రేపు సాయంత్రం దాకా మీ పేరు మీద ఆపగలనండి, అంతే. ఒక్క మాట, లోడు దిగేదాకా మూడో మనిషికి తెలియకూడదు. ముఖ్యంగా ఎదురు కొట్టుకు."

"ఎదురు కొట్టుతో నేను మాట్లాడి మూడేళ్ళయిందిలెండి."

"అలాగా అండి" అన్నాడు ప్రవీణ్ కుమార్. అతని మొహం నిజంగానే విప్పారింది.

ఎదురెదురుగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు కొట్టువాళ్ళు. అలాంటివాడికి అంతకు మించిన సరుకు ఇంకేం కావాలి!

డబ్బు పంపాల్సిన ఖాతా కంపెనీ పేరున లేదు. ఎవరో ఒక మనిషి పేరున ఉంది. అడిగితే, అది తన పై మేనేజరుగారి వసూళ్ళ ఖాతా అన్నాడు ప్రవీణ్ కుమార్. ఇంకెవరైనా ఈ మాట చెబితే నాగభూషణం నవ్వి పంపేవాడు. ఆ పూట ఆయన కంటికి ఖాతా పేరు ఆనలేదు. ఫరీద్ కొట్టు నెత్తిన ఏకైక డీలరు బోర్డు వెలుగుతున్నట్టు, ఆ చెప్పుల వరస ఇంకా బారెడు పెరిగినట్టు కనబడింది. యాభై వేలు ఫోన్లోనే పంపేశాడు.

ఫోన్లోకి బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్ వచ్చింది. కొరియర్లో ఒక బ్యానరు వచ్చింది. వెనక గది తలుపేసుకుని విప్పి చూసుకున్నాడు. నవ్వుతున్న ఆడమనిషి, చేతిలో కుక్కరు, పైన "గురజాలకు ఏకైక డీలరు". దాన్ని చుట్టి గోనెపట్టాల వెనక దాచాడు. లోడు దిగిన రోజున, సరిగ్గా ఫరీద్ కొట్టు తెరిచే వేళకు కట్టాలని అనుకున్నాడు. ఆ పూట ఫరీద్ మొహం ఎలా ఉంటుందో పడుకున్నప్పుడల్లా చూసుకున్నాడు. సరుకు కంటే ఆ మొహం మీదే ఎక్కువ ఆశ.

లోడు సిద్ధమైందనగానే లక్షన్నర పంపాడు. ఆ తర్వాత లోడు బయల్దేరింది, చెక్‌పోస్టులో ఆగింది, డ్రైవరుకు జ్వరం వచ్చింది. ఆయన ఫోను చేసినప్పుడల్లా ముందు కాలర్ ట్యూనులో ఒక ఆడగొంతు వినబడేది: సైబర్ మోసగాళ్ళున్నారు, జాగ్రత్త, ఏదన్నా అయితే ఫలానా నంబరుకు చెప్పండని. "దీని నోరు పడ! ఇది ఆగితే గాని లైను కలవదు" అని ఆయన ఫోను చెవికి దూరంగా పట్టుకునేవాడు. గొంతు ఆగాక ప్రవీణ్ కుమార్ పలికేవాడు. తర్వాత పలకడం మానేశాడు. ఆ తర్వాత ఫోనే లేదు.

ఒక మధ్యాహ్నం పై అరలో బూజు దులుపుతుంటే అదే కంపెనీ కుక్కరు డబ్బా చేతికి తగిలింది. రెండేళ్ళ నుంచి అమ్ముతున్న సరుకే. డబ్బా పక్కన కంపెనీ వాళ్ళ ఫోను నంబరు అచ్చువేసి ఉంది. ఆయన నిచ్చెన మీదే నిలబడి ఫోను చేశాడు. అవతలి అమ్మాయి మర్యాదగా చెప్పింది: ఆ పేరుతో మాకు మేనేజరు లేరు, డీలర్ల దగ్గర మేము మనుషుల ఖాతాల్లోకి డబ్బు తీసుకోమండి.

నిచ్చెన దిగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. అడగాల్సిన నంబరు అన్నాళ్ళూ నెత్తి మీదే ఉంది.

ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టింది దొంగకు కాదు, దొర లాంటి శెట్టికి. నోరు మాత్రం అలాగే బిగుసుకుంది. "నరసరావుపేట ఎప్పుడు పోతావు? పెళ్ళివాళ్ళు అడుగుతున్నారు" అని ధనమ్మ రోజూ అడుగుతూనే ఉంది. హోల్‌సేలులో రేట్లు మండుతున్నాయి, తగ్గనీ అని ఆయన రోజూ చెబుతూనే ఉన్నాడు. పోలీసులకు చెబితే బజారుకు తెలుస్తుంది. బజారుకు తెలిస్తే ఫరీద్‌కు తెలుస్తుంది. రెండు లక్షలు పోవడం ఒక నష్టం. అది ఫరీద్‌కు తెలియడం ఇంకొక నష్టం. రెండోదాన్నయినా మిగుల్చుకుందామని ఆయన లెక్క.

ఆ లెక్క పది రోజులు నిలిచింది.

పదో రోజు పొద్దున ఫరీద్ నిచ్చెనెక్కి గాజు తలుపు పైన బ్యానరు కడుతున్నాడు. నాగభూషణం చూశాడు. అదే అంచు, అదే బంగారు ముద్ర, అదే ఆడమనిషి నవ్వు. చేతిలో కుక్కరు బదులు పక్కన ఫ్రిజ్జు. "గురజాలకు ఏకైక డీలరు". కింద జనం చేరి ఫరీద్‌తో చేతులు కలుపుతున్నారు. చెప్పులు మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాయి.

ధనమ్మ లడ్డు తెచ్చి గల్లా మీద పెట్టింది. "ఫరీదు పంచుతున్నాడు. పెద్ద ఫ్రిజ్జుల కంపెనీ అంట. మొన్న లక్ష కట్టాడంట, ఇయ్యాల మధ్యానం ఇంకో మూడు కడతాడంట. పెళ్ళాం గుల్షన్ నగలు బ్యాంకులో పెడుతున్నారు."

"నువ్వు పోయి తెచ్చావా?"

"పిన్నీ అని పిలిచి చేతిలో పెడితే వద్దంటానా? మీ కోపాలు మీవి, నా లడ్డు నాది."

నాగభూషణం లడ్డు నోట్లో వేసుకున్నాడు. పది రోజుల్లో ఆయన నాలుకకు తగిలిన మొదటి తీపి అది. నెయ్యి బాగా పోశారు. వాడూ పడ్డాడు. గాజు తలుపు, ఏసీ, టైల్సు, అన్నీ ఉండి కూడా పడ్డాడు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, మధ్యాహ్నానికి ఇద్దరూ సమానం. ఇంత చవకగా ఇలాంటి సరుకు దొరుకుతుందని ఆయన అనుకోలేదు.

లడ్డు అయిపోయాక లెక్క మొదలైంది.

సమానం ఎలా అవుతుంది? తనవి రెండు లక్షలు, వాడివి నాలుగు. రేపు సంగతి బయటపడితే జనం వాడి కొట్టుకే పోతారు. పాపం ఫరీదు, నాలుగు లక్షలు పెట్టాడు, ఎంత ధైర్యం అంటారు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళ చెప్పులు కూడా ఆ మెట్ల మీదే ఉంటాయి. తన సంగతి ఎప్పుడో తెలిస్తే, రెండేనా అంటారు. మోసపోవడంలో కూడా పెద్ద పద్దు వాడిదేనా?

అప్పుడే గాజు తలుపు తెరుచుకుని గుల్షన్ బయటికి వచ్చింది. చంకలో సంచి గట్టిగా అదుముకుని వంగి చెప్పులు వెతుక్కుంది. ఒక చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. అన్నేళ్ళుగా ఆ మెట్ల మీద జతలు లెక్కపెట్టిన నాగభూషణం ఆ జతను ఎన్నడూ చూడలేదు. ఫ్రిజ్జుల కొట్టు యజమాని భార్య పిన్నీసు చెప్పులతో ఆటో ఎక్కి బ్యాంకు వైపు పోయింది.

నాగభూషణం లేచాడు. రోడ్డు దాటాడు. జాలి పడ్డాడని ఆ తర్వాత ఎవరన్నా అంటే ఆయన ఒప్పుకోలేదు. నాలుగు లక్షలు ఓర్వలేకే పోయానన్నాడు.

మెట్ల దగ్గర అందరి మాదిరే ఆయనా చెప్పులు విడిచాడు.

"రా బాబాయ్!" అన్నాడు ఫరీద్, జనం మధ్య నుంచి. "మూడేళ్ళకు తెలిసిందా దారి?"

"మిగతా డబ్బు కట్టమాక. అది దొంగ కంపెనీ."

ఫరీద్ నవ్వాడు.

"నువ్వు ఈ మాటే అంటావని వాళ్ళు ముందే చెప్పారు బాబాయ్. ఎదురు కొట్టాయన కుళ్ళుతో ఏదో ఒకటి అంటాడు, చెవిన పెట్టొద్దు అన్నారు."

"వాళ్ళెట్టా చెప్పారో అదే ఆలోచించు!"

"వాళ్ళు చెప్పాలా? ఊరికి తెలవదా? గాజు తలుపు పెడితే నెల్లో పగుల్తదన్నావు. ఏసీ పెడితే కరెంటు బిల్లుకే కొట్టమ్ముకుంటా అన్నావు. ఇయ్యాల ఇది. నా లడ్డు తిని నోటినిండా ఇంకో మాట చెప్పలేవా?"

"శెట్టిగారికి కడుపులో గ్యాసు" అన్నాడొక రైతు. జనం నవ్వారు.

తన మాటకు ఆ కొట్టులో చెల్లుబాటు లేదని నాగభూషణానికి అర్థమైంది. నమ్మకమనే సరుకు మూడేళ్ళలో తానే రూపాయి రూపాయి చొప్పున ఖర్చుపెట్టేశాడు. చేతిలో ఇక ఒకటే మిగిలింది. అది బయటపెడితే రెండో నష్టం కూడా ఖాయం.

చెప్పులు వేసుకోకుండానే రోడ్డు దాటి వచ్చాడు. గోనెపట్టాల వెనక నుంచి చుట్ట లాగాడు.

"ఏందయ్యా అది?" అంది ధనమ్మ.

ఆయన దాన్ని తీసుకుని బయటికి నడిచాడు. బజారు మధ్యలో, ఫరీద్ బ్యానరుకు ఎదురుగా దాన్ని విప్పి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. పైన ఒక ఆడమనిషి ఫ్రిజ్జు పక్కన నవ్వుతోంది. కింద అదే ఆడమనిషి కుక్కరు పట్టుకుని నవ్వుతోంది. అదే ముద్ర. అదే అంచు. అదే మాట. వెనకాల ఆటోలు హారను కొడుతున్నాయి.

"నేను రెండు లక్షలు కట్టా" అన్నాడు నాగభూషణం, అందరికీ వినబడేట్టు. "లోడు రాలేదు, రాదు. నీకు చెప్పొద్దన్నారు, చెప్పలా. నీకేమో నా మాట వినొద్దన్నారు. ఇక నువ్వే చూసుకో."

ధనమ్మ గుమ్మంలో నిలబడిపోయింది. "సారె సామాన్ల డబ్బేనా?"

ఆయన బ్యానరు వెనకే తల దాచుకున్నాడు.

"ఊరికి ఏకైక డీలర్లు ఇద్దరా శెట్టిగారూ?" అన్నారెవరో. ఈసారి నవ్వినవాళ్ళు తక్కువ. ఫరీద్ మొహం నెత్తురు లేనట్టయింది. నాగభూషణం ఎన్నో రోజులు పడుకుని ఊహించుకున్న మొహం అదే. తీరా చూసేసరికి ఆయనకేమీ అనిపించలేదు.

ఫరీద్ గుల్షన్‌కు ఫోను చేశాడు. తొందరలో వేలు తగిలి అది స్పీకరులో పడింది. ముందు ఆ ఆడగొంతే పలికింది: మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి...

"దీని..." అని ఫరీద్ నోరు తెరిచాడు.

"తిట్టమాక, విను" అన్నాడు నాగభూషణం. "నేను తిట్టి తిట్టి రెండు లక్షలు పోగొట్టుకున్నా."

జనమంతా చెవులు రిక్కించి ఆ గొంతును చివరిదాకా విన్నారు. ఆ తర్వాత గుల్షన్ పలికింది. నగలు ఇంకా సంచిలోనే ఉన్నాయి, బ్యాంకులో ముందు ముగ్గురున్నారు.

"ఇంటికి రా" అన్నాడు ఫరీద్. "ఏమీ అడగమాక. వచ్చెయ్."

అక్కడే నిలబడి 1930కి ఫోను చేశారు. ఫరీద్ కట్టి రెండు రోజులే అయింది. అతని లక్షలో అరవై వేలు ఇంకా ఆ ఖాతాలోనే దొరికాయి, ఆపించారు. నాగభూషణాన్ని ఎప్పుడు కట్టారని అడిగారు. చెప్పాడు. కట్టిన రోజే, కాకపోతే తెలిసిన రోజే చేసి ఉండాల్సిందండీ అని అవతలివాళ్ళు ఫిర్యాదు రాసుకున్నారు. ఆయన కట్టిన ఖాతాలో చిల్లిగవ్వ లేదు.

జనం పోయాక ఫరీద్ మెట్ల మీద కూర్చున్నాడు.

"నీకు తెలిసి పది రోజులయింది" అన్నాడు. "పొద్దున నేను నిచ్చెనెక్కినప్పుడు చూశావు. లడ్డు తిన్నావు."

"తిన్నా. బాగుంది."

"మళ్ళా ఎందుకొచ్చావు?"

"నాకేమో రెండు, నీకు నాలుగా? ఓర్వలేకపోయా."

ఫరీద్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాడు. "కుక్కర్ల డీలరు నువ్వయితావేమోనని ఆ మోసగాడు నాతో ఫోన్లో అన్నప్పుడు నాకు రెండు పూటలు అన్నం దిగలేదు బాబాయ్. అందుకే నేను ఫ్రిజ్జులకు పోయా" అన్నాడు.

ధనమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టే చప్పుడులోనే అన్నీ చెప్పింది. నాలుగో రోజు చేతి గాజులు రెండు తీసి గల్లా మీద పెట్టి, "పేటకు పో. ఈసారి నేనూ వస్తన్నా. డబ్బు నేనిస్తా, నువ్వు మూట మోద్దువు" అంది.

ఆ తర్వాత ఒక పొద్దున నాగభూషణం షట్టరెత్తేసరికి ఫరీద్ ఆయన కొట్టు మెట్ల మీద ఉన్నాడు. ఒక గ్లాసు తీసుకుని అంచు చూశాడు, గోటితో కొట్టి మోత విన్నాడు, వెలుతురుకు పెట్టాడు.

"ఎంత?"

"ఎనభై."

"ఏంది బాబాయ్, వెండిదా? నలభై."

"కొన్న ధర అరవై రా."

"నువ్వు కొన్న ధర ఎవరడిగారు? నువ్వు కొన్నవన్నీ చూశాంగా. నలభై ఐదు."

"నీ అంగట్లో ఫ్రిజ్జుకు ఇట్టా ఆడనిస్తావా?"

"ఆడు, చూద్దాం. యాభై. బోణీ వేళ, వట్టి చేతులతో పంపమాక."

పావుగంట గొడవపడి, యాభై రెండుకు తీసుకున్నాడు.

వైశాఖం దాటాక లెక్క తేలింది. రెండు లక్షలు రాలేదు, వస్తాయన్న ఆశా లేదు. ధనమ్మ గాజులు తాకట్టులోనే ఉన్నాయి. సరుకు సగమే తేవడంతో సగం పెళ్ళిళ్ళు వేరే కొట్లకు పోయాయి. ఎవరినీ నమ్మడన్న పేరు పోయి బజారులో ఏకైక డీలరన్న పేరు వచ్చింది. లాటరీ తగిలిందనో, సగం ధరకు ఫోనిస్తామనో కబురొచ్చినవాళ్ళు కట్టేముందు ఆయన స్టూలు మీద కూర్చుని అడిగి పోతున్నారు. డబ్బు ఎవరి పేరున పంపమన్నారు, ఎవరికి చెప్పొద్దన్నారు అని ఆయన రెండే ప్రశ్నలు వేస్తాడు. ఎవరికి చెప్పొద్దన్నారో వాళ్ళ దగ్గరికే ముందు పొమ్మంటాడు. ఆ స్టూలు మీద ఇంతవరకూ పైసా ఆదాయం లేదు. ఎదురుగా చెప్పుల జతలు ఆయన ఇప్పటికీ లెక్కపెడుతున్నాడు, ఇప్పటికీ మండుతూనే ఉంది. మొత్తం మీద ఆ ఏడు లాభం కింద రాసుకోదగింది ఒకటే. కొన్న ధర కంటే ఎనిమిది రూపాయలు తక్కువకు పోయిన ఒక గ్లాసు, దాన్ని పావుగంట బేరమాడి కొన్న ఒక మనిషి.